లైఫ్ జాకెట్ విప్పి ఇచ్చిన పాస్టరు

1943 ఫిబ్రవరి 2, రాత్రి. గ్రీన్‌లాండ్ దారి పట్టిన అమెరికా సైనిక నౌక డార్చెస్టర్ అలల మీద అల్లాడుతోంది. లోపల 902 మంది. జర్మన్ జలాంతర్గామి చుట్టుపక్కలే ఉంది. బట్టలతోనే పడుకోండి, లైఫ్ జాకెట్ విప్పొద్దన్నాడు కెప్టెన్. కింది అరల్లో ఇంజిన్ సెగ. ఊపిరాడని ఉక్క. చాలామంది విప్పేసి నడుం వాల్చారు. గడియారం 12:55 చూపిస్తోంది.

దబ్బున పేలింది టార్పెడో!

కరెంటు పోయింది. రేడియో మూగబోయింది. నీళ్లు ఎగదన్నుకొస్తుంటే చీకట్లో మెట్లు తడుముకుంటూ, పడినవాళ్లను దాటుకుంటూ, ఒంటిమీద సరైన బట్టయినా లేకుండా డెక్ మీదికి ఎగబాకిన కుర్రాళ్లను ఎముకలు కొరికే గాలి ఈడ్చి కొట్టింది. కిక్కిరిసిన పడవలు బోల్తాపడుతున్నాయి. ఆ గోలలో నలుగురు మాత్రం పరుగెత్తడం లేదు.

ఒకరు యూదు రబ్బీ గుడ్. ఒకరు క్యాథలిక్ ఫాదర్ వాషింగ్టన్. ఒకరు రిఫార్మ్‌డ్ చర్చి పాస్టరు పోలింగ్. నాలుగో ఆయన, వయసులో అందరికన్నా పెద్ద, మెథడిస్టు పాస్టరు జార్జ్ ఫాక్స్. నలుగురూ సైన్యంలో చాప్లిన్లే, అంటే సైనికుల మతగురువులే.

ఫాక్స్‌కి యుద్ధం కొత్త కాదు. పెన్సిల్వేనియాలో పుట్టి, పదిహేడేళ్లకే ఇంట్లోంచి పారిపోయి మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్స్ దళంలో చేరాడు. 1934లో పాస్టరుగా అభిషేకం పొంది, వెర్మాంట్ పల్లెల్లో చర్చిలు చూసుకున్నాడు. 1942లో మళ్లీ సైన్యంలోకి. అదే రోజు కొడుకు మెరైన్స్‌లో చేరాడు. ఇప్పుడు డెక్ మీద ఆ తండ్రి పంచుతుంటే పెట్టెలో లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటే తరిగిపోతున్నాయి.

పెట్టె ఖాళీ అయింది. చేతులు మాత్రం ఇంకా చాస్తూనే ఉన్నారు.

ఫాక్స్ తన జాకెట్ ముళ్లు విప్పాడు. మిగతా ముగ్గురూ విప్పారు. నీది ఏ మతమని ఎవరూ అడగలేదు. దగ్గరున్నవాడికి తొడిగేశారు. నలుగురూ చేతులు కలిపి నిలబడి ప్రార్థన చేయడం పడవల్లోంచి కొందరు చూశారు. అరగంటలోపే ఓడ మునిగిపోయింది.

672 మంది చనిపోయారు. 230 మంది బతికారు. ఈ నలుగురికి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇద్దామంటే, అది శత్రువుతో నేరుగా పోరాడుతూ చూపిన తెగువకే అన్న నిబంధన అడ్డొచ్చింది. అందుకే అమెరికా కాంగ్రెస్ ఈ నలుగురి కోసమే ప్రత్యేక పతకం చేయించింది. 1961లో వారి కుటుంబాలకు అందించింది. ఆ పతకం మరెవరికీ ఇవ్వలేదు.