కర్త లేని వాక్యం

పోలీసు కాల్పులు జరిగిన మరునాడు వెలువడే వార్తా వాక్యాన్ని గమనించండి. "పరిస్థితి అదుపు తప్పడంతో కాల్పులు జరిగినవి. కొందరు మరణించారు." పిల్లలకు వ్యాకరణం చెప్పే వృత్తిలో వున్నాను కాబట్టి యీ వాక్యంలోని లోపం నా కంటికి వెంటనే తగులుతుంది. క్రియ వున్నది, ఫలితం వున్నది, కర్త మాత్రం లేడు. ఎవరు కాల్చారు? కాల్చమన్నదెవరు? ఆ వాక్యంలో యీ ప్రశ్నలకు చోటే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కర్త పత్రికలో మాయం కావడానికి ముందే, సంఘటన గురించి అధికారికంగా రాసే మొట్టమొదటి కాగితంలోనే మాయమవుతున్నాడు. ఆ కాగితం రాసే కలం నిందితుడి శాఖ చేతిలోనే వున్నంత కాలం, ఆ తరవాత ఎన్ని విచారణలు జరిపినా ఫలితం స్వల్పం.

యిది మన కాలంలో పుట్టిన జబ్బు కాదు. కుంఫిణీ ఉద్యోగులు రైతులను హింసించి శిస్తు రాబడుతున్నారన్న సంగతి 1854లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చకు వచ్చిన మీదట మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. మన విశాఖపట్నం, గంజాం జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. 1855లో సంఘం నివేదిక యిచ్చింది. వేళ్ళను కర్రల మధ్య నొక్కే కిట్టి, మనిషిని వంచి కట్టి ఎండలో వుంచడం, కళ్ళలో కారం కొట్టడం - యివన్నీ అందులోకి ఎక్కాయి. శిస్తు వసూలు చేసేవాడూ, నేరం పట్టుకునేవాడూ ఒకడే కావడం యీ దుర్మార్గానికి మూలమని ఆ నివేదిక వల్ల తేలింది. ఫిర్యాదు చేసుకోవాలంటే రైతు పడే దూరాభారమూ, ఖర్చూ, భయమూ కూడా అందులో వున్నాయి. 1857 సెప్టెంబరులో "న్యూయార్కు డైలీ ట్రిబ్యూన్"లో భారతదేశంలోని చిత్రహింసల గురించి రాసినప్పుడు మార్క్సు ఆధారం చేసుకున్నది యీ ప్రభుత్వ పత్రాలనే.

తరవాత జరిగిందేమిటి? 1859లో మద్రాసుకు పోలీసు చట్టం వచ్చింది. 1861లో దేశానికంతటికీ మరొకటి వచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు గాని, ప్రజలకు జవాబుదారీ చేయలేదు. జవాను ఇన్‌స్పెక్టరుకు, ఇన్‌స్పెక్టరు సూపరింటెండెంటుకు, సూపరింటెండెంటు సర్కారుకు జవాబు చెప్పాలి. నిచ్చెన పైకే పోతుంది గాని ఊరి వైపు దిగదు. పైగా పోలీసు మీద దావా వేయదలచినవాడు మూడు నెలల్లో వేయాలని 1861 చట్టం గడువు పెట్టింది.

అయితే ఆ పాలకులకే తమ పోలీసు మీద నమ్మకం లేదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టంలో రాసుకున్నారు. కొత్త చట్టాలు వచ్చినా ఆ సూత్రం యీనాటికీ నిలిచే వున్నది. ఇక్కడ ఒక వైరుధ్యాన్ని చూడండి. బీదవాడు నిందితుడైనప్పుడు, అతని నోట పోలీసు పలికించిన మాటను చట్టం నమ్మదు. పోలీసే నిందితుడైనప్పుడు మాత్రం, పోలీసు చేసిన దర్యాప్తు మీదనే కేసంతా నిలబెడుతుంది!

మన ప్రాంత చరిత్రను యీ దృష్టితో చదువుదాం. 1940లో మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు బలియైన సాసుమాన గున్నమ్మ పేరు యీ జిల్లాల్లో తెలియనివారు అరుదు. రామతీర్థం నుంచి విజయనగరం పోయే తోవలోనే నెల్లిమర్ల వున్నది. అక్కడి జూట్ మిల్లు కార్మికుల మీద 1994 జనవరిలో పోలీసులు కాల్పులు జరిపారు. అయిదుగురు చనిపోయారు. కార్మికులు వారిని యేటా తలుచుకుంటూనే వున్నారు. మా విద్యార్థులను అడిగితే ఎందరు చనిపోయారో చెప్పగలరు. కాల్చమని ఉత్తరువిచ్చినదెవరంటే నోరు మెదపలేరు. అది వారి తప్పు కాదు. మృతుల పేర్లను జనం కాపాడుకున్నారు. ఉత్తరువిచ్చినవారి పేర్లు ఫైళ్ళలో దాగి వున్నవి.

శ్రీకాకుళం కొండల్లో 1969-70లలో "ఎదురుకాల్పులు" అన్న మాట స్థిరపడింది. పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం - అందరి మరణాలకూ ఆ ఒక్క మాటే ప్రభుత్వ వివరణ. వారి రాజకీయ పంథాతో ఏకీభవించామా లేదా అన్నది వేరే చర్చ. పట్టుబడిన మనిషికి కోర్టు చూసే హక్కు వున్నదా లేదా అన్నదే యిక్కడి ప్రశ్న. అత్యవసర పరిస్థితి ముగిశాక, 1977లో, తార్కుండే అధ్యక్షతన ఒక పౌర సంఘం మెదక్ జిల్లా గిరాయిపల్లి సంఘటనను పరిశోధించింది. 1975 జూలైలో అక్కడ చనిపోయిన నలుగురు యువకులను పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. దరిమిలా ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగంగా సాగవలసిన విచారణను మూసిన తలుపుల వెనక్కు తీసుకుపోవడంతో పౌరహక్కుల పక్షం తప్పుకున్నది. కమిషన్ వల్ల ఏ ఒక్క అధికారికీ శిక్ష పడలేదు.

కమిషన్ నివేదిక తీర్పు కాదు, సిఫారసు మాత్రమే. ప్రజల ఆగ్రహం చల్లారేదాకా కాలం గడపడానికి అది బాగా పనికివస్తుంది. అందుకే కాల్పులు జరిగిన ప్రతిసారీ మనం "న్యాయ విచారణ జరపాలి" అని మాత్రమే నినదించి వూరుకోవడం చాలదని నా అభిప్రాయం. కేసు నమోదు చేసి దర్యాప్తు చేసేదెవరు? దీన్ని తేల్చుకోవాలి.

యీ మాటకు రెండు తీర్పులు సాక్ష్యం. రెండూ 2023లోనే వచ్చాయి.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ దళం గాలింపుకు వెళ్ళింది. తమ మీద అత్యాచారం జరిగిందని పదకొండు మంది కోందు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు పోలీసుల చేతిలోనే నడిచింది. నిందితులను వరుసలో నిలిపి బాధితులచేత గుర్తింపజేసే తతంగం సైతం జరగలేదు. ఆరు నెలల్లో విచారణ ముగించమని 2017లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పదముగ్గురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, బాధితులకు పరిహారం యిమ్మన్నది. కోర్టు విడుదల చేసినవారిని దోషులని నేను అనబోవడం లేదు. దర్యాప్తు సరిగా సాగివుంటే దోషమెవరిదో, ఎవరిది కాదో తేలివుండేదని అంటున్నాను. పదహారేళ్ళ తరవాత కూడా ఆ వాక్యానికి కర్త దొరకలేదు.

రెండవది తమిళనాడులోని ధర్మపురి జిల్లా వాచాత్తి. అదీ పాత మద్రాసు రాజధానిలోని గిరిజన గ్రామమే. 1992 జూన్ 20న గంధపు చెక్కల సోదా పేరిట అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు కలిసి వూరిమీద పడ్డారు. పద్ధెనిమిది మంది స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. అక్కడా మొదట కప్పిపుచ్చే ప్రయత్నమే జరిగింది. కాని గిరిజన సంఘమూ, మార్క్సిస్టు పార్టీ పట్టు వదలలేదు. హైకోర్టు ఆదేశంతో 1995లో దర్యాప్తు రాష్ట్ర పోలీసు చేతి నుంచి సి.బి.ఐ.కి పోయింది. నిందితులు 269 మంది. 2011లో తీర్పు వచ్చేనాటికి 54 మంది చనిపోగా, మిగిలిన 215 మందీ దోషులని కోర్టు తేల్చింది. వారిలో అటవీ ఉద్యోగులు 126, పోలీసులు 84, రెవెన్యూవారు 5. మద్రాసు హైకోర్టు 2023 సెప్టెంబరు 29న ఆ తీర్పును ఖాయం చేసింది. అత్యాచార బాధితులకు పది లక్షల చొప్పున పరిహారం యిమ్మని, అందులో సగం దోషుల నుంచి రాబట్టమన్నది. ఆనాటి కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు, జిల్లా అటవీ అధికారి మీద చర్య తీసుకోమన్నది.

సి.బి.ఐ. దేవుడేమీ కాదు. ముప్పై యేళ్ళు పట్టిన న్యాయం పూర్తి న్యాయమూ కాదు. కాని రెండు గ్రామాల కథల్లోనూ గిరిజన స్త్రీలు అంతే ధైర్యంగా నిలబడ్డారు, అంతే పట్టుదలతో పోరాడారు. తేడా ముఖ్యంగా దర్యాప్తు ఎవరి చేతిలో వున్నదన్న దగ్గరే వచ్చింది.

చట్టం అసలు కదలలేదని కాదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రానికీ, జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమన్నది. మన రాష్ట్రంలో అది ఏళ్ళ తరబడి కాగితానికే పరిమితమైంది. 2021లో అధ్యక్షుణ్ణి వేస్తే ఆ నియామకాన్ని హైకోర్టు నిలిపివేసింది. ఎదురుకాల్పుల మరణం మీద పోలీసుల పైన కేసు నమోదు కావాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. దాని అమలును సుప్రీంకోర్టు ఆపింది. 2014లో తానే మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం దర్యాప్తు సి.ఐ.డి. గాని, మరో స్టేషను పోలీసు గాని చేయాలి. మరో స్టేషను కూడా పోలీసు స్టేషనే కదా!

పోలీసుల స్థైర్యం దెబ్బతింటుందని కొందరంటారు. ఎవరి స్థైర్యం? కానిస్టేబులు మన రైతుకూలీ యింటి బిడ్డే. గొడవ పెద్దదైతే ముందుగా సస్పెండు అయ్యేవాడూ అతడే. ఉత్తరువిచ్చిన దొర బదిలీ మీద పోతాడు. ఎవరి ఉత్తరువో కాగితం మీద వుంటే కానిస్టేబులుకు కూడా రక్ష.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా వుండాలి. పోలీసు మీది ఫిర్యాదును పోలీసు శాఖకు లోబడని దర్యాప్తు సంస్థ చేపట్టాలి. కాల్చమన్న అధికారి పేరు, వేళ, కారణం అప్పటికప్పుడు రాతలో వుండాలి. కస్టడీ మరణం మీద మేజిస్ట్రేటు విచారణ బహిరంగంగా సాగాలి. ప్రభుత్వోద్యోగిని కోర్టుకెక్కించడానికి కావలసిన అనుమతి 120 రోజుల్లో తేల్చకపోతే యిచ్చినట్లే అని 2024 నుంచి అమలులోకి వచ్చిన కొత్త స్మృతి చెబుతున్నది. ఆ గడువును లెక్కపెట్టేవారు మనలో వుండాలి. స్టేషను కెమెరాల చిత్రాలను 18 నెలలు భద్రపరచమని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. దెబ్బలు తిన్నవాడు వాటిని అడిగి తీసుకోవచ్చునని వూరూరా చెప్పవలసినవారూ మనమే.

చదువుకున్నవాళ్ళం చేయగలిగిన పని మరొకటుంది. సంఘటన జరిగిన నాడే సాక్షుల మాటలను తేదీతో, వేళతో రాయించి, మేజిస్ట్రేటుకు ఒక ప్రతి పంపి, ఒక ప్రతి దాచడం. సర్కారు కాగితంలో కర్త లోపించినప్పుడు, కోర్టులో అడిగేందుకు కనీసం మన కాగితంలోనైనా అతని పేరు వుండాలి.