తెలివి యుండియు చదువబ్బని పిల్లలు

పుస్తకమును చేతబట్టినంతనే చదువగలుగుట మనకు సహజమని తోచును. కాని మాటలలో చురుకు, లెక్కలలో దిట్ట యయ్యును, పుస్తకము తెరచినంతనే తడబడు బాలుడు మన బడులలో అప్పుడప్పుడు కనబడుచుండును. వానికి మనము పెట్టిన పేరు 'మొద్దు'. ఆ పేరు సరికాదని లోకము తెలిసికొన్న చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

1877లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్, చూపును మాటయు చక్కగా నుండియు అచ్చుమాటలను చదువలేని స్థితికి 'పదాంధత్వము' అని పేరిడెను. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అను నేత్రవైద్యుడు దానినే 'డిస్‌లెక్సియా' అనెను. వీరు వర్ణించినవారు మెదడు దెబ్బతిన్న పెద్దలు. పుట్టుకతోనే ఇట్టి చిక్కు ఉండవచ్చునని 1896 నవంబరులో ఇంగ్లాండు దక్షిణతీరమునందలి సీఫోర్డు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ప్రకటించెను.

ఆయన వర్ణించిన పెర్సీ యను బాలునికి 14 ఏండ్లు. ఆటలలో తోటివారికి తీసిపోడు. ఏడవ యేటినుండి ఉపాధ్యాయులు శ్రమపడి నేర్పినను చిన్న మాటలనైన చదువలేకుండెను. తన పేరును 'పెర్సీ' యనుటకు 'ప్రెసీ' యని వ్రాసెను. కాని 749ని 867తో హెచ్చవేయుమన్నచో వెంటనే తప్పు లేకుండ చేసెను. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో వీనిని మించిన తెలివిగలవాడుండడని వాని ఉపాధ్యాయుని అభిప్రాయము.

గ్లాస్గో నేత్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1917లో ప్రకటించిన గ్రంథమున, ఇట్టి పిల్లలకు విడిగా కూర్చుండబెట్టి నేర్పవలెనని చెప్పెను. 1925లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడు బడిపిల్లలను పరీక్షించి, చదువలేనివారెల్ల మందమతులు కారని వ్రాసెను. మెదడును గూర్చి ఆయన చెప్పిన కారణము తరువాత నిలువలేదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరములతో జతపరచుటలోనే చిక్కు ముఖ్యముగా నున్నదని నేటి పరిశోధకుల నిర్ణయము. అయినను ఆర్టన్ మార్గమున 1930ల నుండి ఆనా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అను ఉపాధ్యాయినులు రూపొందించిన బోధనక్రమము నేటికిని వాడుకలో నున్నది.

ఆ క్రమమిది. బాలుడు అక్షరమును కంట చూచును, ధ్వనిని నోట పలుకును, చెవితో వినును, వ్రేలితో దిద్దును. ఇవన్నియు ఒక్కమారే జరుగవలెను. నేర్చిన ధ్వనులను కూర్చి మాటగా చదువును. విన్న మాటను ధ్వనులుగా విడదీసి వ్రాయును. ఒక అక్షరము స్థిరపడిన పిదపనే మరియొకటి. నిన్నటి పాఠమును నేడు తిరిగి చూడక ముందునకు పోరాదు.

ఇసుకలో దిద్దుచు బిగ్గరగా పలుకుట మన వీధిబడులకు క్రొత్త కాదు. ఆ బడులలోనే కోదండము వేయించుటయు నుండెను. నేర్పు పద్ధతి చేతనున్నను, నేర్వలేనివానిని దండించుటయే దారి యనుకొంటిమి. ధ్వనికి తగిన అక్షరమున్న మన లిపి కొంత మేలు చేయును. కాని 'ప'-'ష', 'థ'-'ధ' వంటి పోలికలును, గుణింతములును, ఒత్తులును ఇట్టి పిల్లలకు పెద్ద బరువు.

భారతదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ చిక్కును గుర్తింపబడిన 21 వైకల్యములలో చేర్చెను. చట్టము వచ్చినను బాలుని కష్టమును మొదట కనిపెట్టవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు. దెబ్బలకును నవ్వులకును వెరచి బడి మానిన బాలుడు గ్రంథాలయపు గడప తొక్కునా?

రజతోత్సవ సమయమున మనము చేయగల పని చిన్నదే. సాయంకాలము ఒక్క గంట, ఒక పెద్ద కథను బిగ్గరగా చదువగా, చదువలేని బాలుడు ప్రక్కన కూర్చుండి వినవచ్చును. ఇసుక పళ్లెమొకటి, ఓర్పుగల మనిషి యొకడు ఉన్నచో ఆ బాలుడు రోజునకొక అక్షరమైన దిద్దవచ్చును. చందాదారులలో అట్టివారు ముందుకు రావలెనని ప్రార్థన.