తప్పు పట్టు

1974లో పురుషుల టెన్నిస్‌లో నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళనీ రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టే ఇద్దరు కుర్రాళ్ళే పంచుకున్నారు. ఆస్ట్రేలియన్, వింబుల్డన్, యూఎస్ టైటిళ్ళు జిమ్మీ కానర్స్‌వి. ఫ్రెంచ్ టైటిల్ బియాన్ బోర్గ్‌ది. అదే ఏడాది ఆడవాళ్ళలో ఫ్రెంచ్, వింబుల్డన్ గెలిచిన క్రిస్ ఎవర్ట్‌ది కూడా రెండు చేతుల బ్యాక్‌హ్యాండే.

అప్పటిదాకా చాలామంది కోచ్‌లు ఆ షాట్‌ని చిన్నప్పటి నత్తిలాగా చూసేవాళ్ళు. చేతిలో బలం లేని వయసులో ఉంటే ఉండనీ, పెద్దయ్యేలోపు పోగొట్టాలి అని. క్రిస్ తండ్రి జిమ్మీ ఎవర్ట్ ఫ్లోరిడాలో పబ్లిక్ కోర్టుల్లో పాఠాలు చెప్పే కోచ్. రాకెట్ బరువు మొయ్యలేక కూతురు రెండో చెయ్యి వేస్తే సరేనన్నాడు గానీ, బలం వచ్చాక ఒంటి చేతికి మారుతుందనే అనుకున్నాడు. మారేలోపే ఆ పిల్ల గెలవడం మొదలుపెట్టింది. గెలుస్తున్న పిల్లని ఏమని దిద్దుతాడు?

ఇలాంటి కథల్ని మనం ఒకే మూసలో చెప్పుకుంటాం. మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, ఆఖరికి ఒప్పుకున్నారు. రీల్‌కి సరిపడా నీతి. కానీ ఇందులో ఒక చిక్కుంది. 1937లోనే వివియన్ మెక్‌గ్రా అనే ఆస్ట్రేలియా కుర్రాడు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో తన దేశపు టైటిల్ గెలిచాడు. ఫైనల్లో అతని చేతిలో ఓడిన జాన్ బ్రామ్‌విచ్ కూడా రెండు చేతులూ వాడేవాడే. గెలుపే రుజువైతే, ఆ రుజువు చేతికందాక కూడా లోకానికి ఇంకో 37 ఏళ్ళు ఎందుకు పట్టింది?

జవాబు కోసం ముందు నేల చూడాలి. 1974 వరకు నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి. గడ్డి మీద బంతి పైకి లేవదు, జారుకుంటూ వస్తుంది. దాన్ని అందుకోవాలంటే చెయ్యి చాచాలి, వెంటనే నెట్ దగ్గరకెళ్ళి వాలీ కొట్టాలి. రెండో చెయ్యి వేస్తే అందే దూరం తగ్గిపోతుంది. అందుకే కోచ్‌లు వద్దన్నారు. అది మూర్ఖత్వమేమీ కాదు, వాళ్ళ నేల మీద అది సరైన లెక్కే.

రాకెట్ పట్టుకునే తీరు కథ కూడా ఇదే. తప్పు పట్టడం అనే మాటకి టెన్నిస్‌లో రెండర్థాలూ అచ్చంగా సరిపోతాయి. అరచేతిని పిడి కిందికి తిప్పి పట్టుకునే వెస్టర్న్ గ్రిప్ కాలిఫోర్నియా సిమెంట్ కోర్టుల మీద పెరిగింది. అక్కడ బంతి భుజం దాకా ఎగిరేది, దాన్ని కొట్టడానికి ఆ పట్టే వాటం. ఆ పట్టుతోనే బిల్ జాన్‌స్టన్ 1923లో వింబుల్డన్ కూడా గెలిచాడు. అయినా గడ్డి మీద పెరిగినవాళ్ళకి అది తప్పు పట్టే.

ఇక్కడే నాకో తేడా కనిపిస్తుంది. ప్రతిభ ఉన్నవాడు ఏ పట్టుతోనైనా, ఏ నేల మీదైనా గెలవగలడు. 1974లో కానర్స్ గెలిచిన మూడు టైటిళ్ళూ గడ్డి మీదివే. అలాంటివాడు గెలిస్తే లోకం మినహాయింపు ఖాతాలో వేసి ఊరుకుంటుంది. మామూలు కోచ్ దగ్గర నేర్చుకునే మామూలు పిల్లకి కూడా పనికొచ్చిన రోజునే ఒక వింత అలవాటు పద్ధతి అవుతుంది. దానికి చుట్టూ ఉన్నవి మారాలి. యూఎస్ ఓపెన్ 1975లో గడ్డి వదిలి మట్టికి, 1978లో హార్డ్ కోర్టుకి మారింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో గడ్డి వదిలేసింది. విమానాల తయారీలో పనిచేసిన హోవర్డ్ హెడ్ అనే ఇంజనీరు 1976లో పెద్ద తల ఉన్న ప్రిన్స్ రాకెట్ తెచ్చాడు. బంతి పైకి లేవసాగింది, రాకెట్ తేలికైంది, తప్పు పట్టులన్నీ ఒక్కొక్కటిగా ఒప్పయిపోయాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన టెన్నిస్ కూడా గడ్డి మీద పేరు తెచ్చుకున్నదే. 1960, 61ల్లో రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ సెమీస్ ఆడాడు. 1973లో విజయ్ అమృత్‌రాజ్ అక్కడే క్వార్టర్స్‌కి వెళ్ళాడు. మంచి టెన్నిస్ అంటే నాజూకైన చెయ్యి, నెట్ దగ్గర మెళకువ అని ఒక తరం కోచ్‌లు నమ్మారంటే ఆ నమ్మకానికి ఆధారముంది.

1990ల మొదట్లో సానియా మీర్జా ఆరేళ్ళప్పుడు హైదరాబాద్‌లో ఆట మొదలుపెట్టింది. తను నేర్చుకున్నవి పేడ అలికిన కోర్టులని చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. సంక్రాంతికి వాకిలి అలికినట్టు, మట్టి మీద పేడ అలికి, గీతలు గీసి, ఆట. తొలి కోచ్ మరీ చిన్నపిల్ల అని ముందు చేర్చుకోలేదు, చేర్చుకున్న నెలకి తనే ఇంటికి ఫోన్ చేసి ఓసారి వచ్చి చూడమన్నాడు. తర్వాత ఎక్కువకాలం ఆమె ఆటని నడిపింది తండ్రి ఇమ్రాన్ మీర్జా. ఆయన ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడినవాడు కాదు. మన దేశంలో కోచ్ అనిపించుకోవాలంటే 1961లో పెట్టిన పాటియాలా ఇన్‌స్టిట్యూట్ డిప్లొమా ఒక గీటురాయి. తల్లిదండ్రులే కోచ్‌లైతే ఇప్పటికీ అనుమానంగానే చూస్తాం. వీనస్, సెరీనాల తండ్రి రిచర్డ్ విలియమ్స్‌ని అమెరికా ఎలా చూసిందో 2021లో వచ్చిన ‘కింగ్ రిచర్డ్’ సినిమాలో చూశాం కదా.

సానియా సర్వీస్ బలహీనమన్నారు, కాళ్ళ కదలిక చాలదన్నారు. కానీ ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి దిశ మార్చే ఆ ఫోర్‌హ్యాండ్ ముందు ఆ లోపాలు చాలాకాలం తలొంచాయి. 2005 ఫిబ్రవరిలో హార్డ్ కోర్టు మీద హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. 2007 ఆగస్టుకి ర్యాంకు 27. 2008లో మణికట్టుకి ఆపరేషన్ అయింది. తర్వాత డబుల్స్‌లో నంబర్ వన్, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు.

ఇంత జరిగినా ఆ దారి పద్ధతి కాలేదు. 2005 నుంచి ఇప్పటికి 20 ఏళ్ళు దాటినా మరో భారతీయ అమ్మాయి సింగిల్స్ టాప్ 100లోకి రాలేదు. ఒక ఇల్లు, ఒక తండ్రి మొండితనం, ఒక మణికట్టు. మెక్‌గ్రాలాగే సానియా కూడా మినహాయింపు ఖాతాలోకి వెళ్ళిపోయింది.

అదే హైదరాబాద్‌లో, పక్క ఆటలో, కథ వేరేలా నడిచింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2003లో ప్రభుత్వం ఇచ్చిన అయిదెకరాల్లో, ఇల్లు తాకట్టు పెట్టి, గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. 2008కి అది తెరుచుకుంది. తెల్లవారుజాము నాలుగున్నరకి ప్రాక్టీస్ అంటే మొదట్లో విడ్డూరంగానే ఉండేది. కోర్టులో నోరు విప్పని పి.వి. సింధుని మధ్యలో నిలబెట్టి, గట్టిగా అరిస్తే గానీ ఆడనివ్వనన్నాడు. రియోకి ముందు మూడు నెలలు ఆమె ఫోన్ తీసేసుకున్నాడు, ఐస్‌క్రీమూ తియ్యపెరుగూ మాన్పించాడు. డబుల్స్ ఆడుకుంటున్న కిదాంబి శ్రీకాంత్‌ని సింగిల్స్‌కి మార్చాడు. శ్రీకాంత్ 2014లో చైనాలోనే లిన్ డాన్‌ని ఫైనల్లో ఓడించి, 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ రోజుల్లోనే మలేషియా నుంచి డబుల్స్ కోచ్‌గా వచ్చిన టాన్ కిమ్ హర్, అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌నీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జోడీ కట్టించాడు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్ళే. ఒకడు ముందు ఒకడు వెనక అనే మామూలు లెక్క ప్రకారం అది చెల్లని జోడీ. ఆ ఇద్దరికీ కూడా మొదట్లో ఇష్టం లేదు. 2023 అక్టోబరుకి వాళ్ళు ప్రపంచ నంబర్ వన్.

సానియా కథకీ దీనికీ తేడా ఎక్కడుంది? గోపీచంద్ దగ్గర పద్ధతికి ఒక చోటు దొరికింది. కోర్టులు, హాస్టల్, తిండి, ఫిజియో, తోటి ఆటగాళ్ళు. ఒకరి కోసం కనిపెట్టింది పక్కవాళ్ళ మీద పరీక్షించి చూడొచ్చు. అది అందరికీ పడిందనీ కాదు. సైనా నెహ్వాల్ 2014లో బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది, 2015లో నంబర్ వన్ అయింది అక్కడి నుంచే. 2017లో తిరిగొచ్చింది. పద్ధతి ఎంత గొప్పదైనా కొలత ఒక్కొక్కరికీ వేరు.

పతకాలొచ్చాక మిగతా లోకం అక్కడి నుంచి ఏం తెచ్చుకుంది? ఎక్కువగా నాలుగున్నర గంటల అలారం, ఫోన్ నిషేధం. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఇది బాగా తెలిసిన జబ్బే అనిపిస్తుంది. 2001లో 17 మంది ప్రోగ్రామర్లు అమెరికాలో యూటా మంచుకొండల్లో కూచుని, ప్రాసెస్ కంటే మనుషులు ముఖ్యం అని అజైల్ మానిఫెస్టో రాశారు. ఇవాళ రుషికొండ మీద మా ఆఫీసులో దాని అర్థం పొద్దున్న పదింటికి స్టాండప్, జిరాలో టికెట్లు. తిరుగుబాటులో పోలికలు మిగిలాయి, కారణం పోయింది. వింత పద్ధతిని జనం ఒప్పుకునేటప్పుడు సులువుగా కాపీ కొట్టగలిగిన భాగాన్నే ముందు ఒప్పుకుంటారు. 2025లో గోపీచందే, డబ్బున్నవాళ్ళు కాకపోతే పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని తల్లిదండ్రులకి చెప్పాడు. అలారం పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది ఏమీ కాకుండా మిగిలిపోతారో లోపల్నుంచి చూసిన మనిషి అన్న మాట అది.

మా విశాఖపట్నంలో ఈ మాటకి బరువెక్కువ. ఇక్కడ ఆట అంటే చాలా ఇళ్ళల్లో ఒక సర్టిఫికెట్. దాంతో ఇంజనీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా సీటు, అదృష్టం బావుంటే పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో రైల్వేలోనో ఉద్యోగం. అండర్-12లో ఓడి 20 ఏళ్ళకి గెలిచే ఆట నేర్చుకునే తీరిక ఎవరికుంది? ఆ తీరికని అమెరికాలో వెతుక్కున్నవాడు మా ఊరి కుర్రాడు సాకేత్ మైనేని. చదువుతూ కాలేజీ టెన్నిస్ ఆడటమంటే ప్రొఫెషనల్ ఆశలు వదులుకోవడమే అనుకునే కాలం ఒకటుండేది. వర్జీనియా యూనివర్సిటీ నుంచి సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2007, 2008ల్లో అమెరికా కాలేజీ ఛాంపియన్ అయ్యాక మన దగ్గర ఆ అభిప్రాయం కదిలింది. సాకేత్ ఆడింది అలబామా యూనివర్సిటీకి. 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాకి చేరి, తొలి రౌండ్లో అయిదు సెట్లు పోరాడి, కాళ్ళు పట్టేసి ఓడాడు. ఎమ్మెస్ కోసం సగం ఊరు అమెరికా వెళ్ళే విశాఖలో, ఆట నేర్చుకోడానికి అదే విమానం ఎక్కొచ్చని చూపించాడు. ఇక్కడ కూడా ఆ దారిని దారి చేసింది స్కాలర్‌షిప్పూ నాలుగేళ్ళ వ్యవధీ.

చక్రం ఇప్పుడు పూర్తిగా తిరిగింది. 2024 ఫిబ్రవరిలో, 1973లో ఏటీపీ ర్యాంకింగ్స్ మొదలయ్యాక తొలిసారి, టాప్ టెన్‌లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆటగాడు ఒక్కడూ లేడు. ఒకప్పటి ఒప్పు ఇప్పుడు తప్పు పట్టు. మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. యూట్యూబ్‌లో ఫెదరర్ని చూసి చూసి ఒంటి చేత్తో కొడుతుంది. ఊళ్ళో ఒక కోచింగ్ సెంటర్‌లో నేర్పే కోచ్ రోజూ ఆ రెండో చెయ్యి పట్టుకుని రాకెట్ మీద పెడతాడు. ఎందుకని అడిగాను.

‘‘ఇప్పుడు ఒంటి చెయ్యి ఎవరాడుతున్నారు సార్? బంతి భుజం మీదికొస్తే పాప ఏం చేస్తది? ఆర్నెల్లు వరసగా ఓడిపోతే మీ బావగారే మాన్పించేస్తారు. అప్పుడు ఒక చెయ్యీ ఉండదు, రెండు చేతులూ ఉండవు.’’

ఆయన మాటలో నాకు తప్పు పట్టడానికేం దొరకలేదు. జిమ్మీ ఎవర్ట్‌కి ఉన్న ఓపిక ఈయనకి లేదనడం తేలిక. ఆ ఓపికకి ఫీజు కట్టేవాళ్ళు ఎవరనేది అసలు ప్రశ్న. అయితే ఆయన చెప్పిన కారణంలోనే ఒక సందుంది. భుజం మీదికొచ్చే బంతి. 2012 జనవరి నుంచి పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య రూల్ పెట్టింది. వాళ్ళకి ఎరుపు, ఆరెంజ్, ఆకుపచ్చ బంతులు. ఎరుపుది 75 శాతం, ఆరెంజ్‌ది 50 శాతం, ఆకుపచ్చది 25 శాతం నెమ్మది, ఎగిరే ఎత్తూ తక్కువ. నాకు తెలిసి టెన్నిస్ కోచింగ్‌లో ఏ ఛాంపియనూ గెలిచి చూపించకుండా ఒప్పుకోలు దొరికిన మార్పు ఇదొక్కటే. పిల్ల చేతిని దిద్దడం ఆపి, ఆ చేతికి అందేలా బంతిని తగ్గించారు.

ఆ సెంటర్‌లో పసుపు బంతులే ఉన్నాయి. డజను ఆరెంజ్ బంతులు ఆర్డర్ చేసి ఇచ్చాను. ఆరు నెలలు చూద్దాం సార్ అన్నాడాయన, నెల నెలా మా బావకి ఏం చెప్పాలో కూడా నన్నే ఆలోచించమన్నాడు. ఈలోపు ఆ పిల్ల తనంతట తనే రెండో చెయ్యి వేసినా నాకేం పట్టింపు లేదు. క్రిస్ ఎవర్ట్ వేసింది కూడా అలాగే కదా, ఎవరూ చెప్పకుండానే.