బూజుకర్రకు ముహూర్తం పెట్టింది పంట

సంక్రాంతికి ముందు ఇల్లు దులపడం పండగ పని అని మన నమ్మకం. పాత ఇళ్ళ కట్టుబడినీ పంటల క్యాలెండరునూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వేరే సంగతి తోస్తుంది. ఏడాది మురికి ఇంట్లోకి రావడం ఎప్పుడు ఆగుతుందో, అప్పుడే బూజుకర్ర బయటికి వచ్చింది. పండగ ఆ పనికి గడువు పెట్టిందే తప్ప పనిని పుట్టించలేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి కార్తిక, మార్గశిర మాసాల్లో కోతకొస్తుంది. యంత్రాలు రాని రోజుల్లో పనలు ఆరబెట్టి కుప్ప వేసేవారు. నూర్పిళ్ళు పుష్యమాసం దాకా సాగేవి. తూర్పారబట్టినప్పుడు లేచిన పొట్టూ తాలూ నూగూ గాలివాటున ఊళ్ళోకి వచ్చి చూరుల్లో, అటకల మీద, దూలాల సందుల్లో చేరేవి. అంతకు ముందే వానలు మట్టిగోడల అడుగు కరిగించి, నేల అలుకు లేపి, మూలలకు చెమ్మ పట్టించి పోయి ఉండేవి. కట్టెల పొయ్యి మసి సరేసరి. గోడకు పూసిన మట్టీ సున్నమూ ఆరాలంటే వాన ఉండకూడదు, పనికి మనుషులు దొరకాలంటే కోతలు అయిపోవాలి. ఈ రెండూ కలిసొచ్చేది ధనుర్మాసంలోనే. అన్నిటికన్నా పెద్ద తొందర కొత్త ధాన్యానిది. గాదెలో మిగిలిన పాత గింజల్లో పురుగుంటే కొత్త పంటకూ పడుతుంది. అందుకని గాదె ఖాళీ చేసి, ఊడ్చి, పేడా మట్టీ కలిపి సందులు మెత్తి, వేపాకు వేసేవారు. గాదె ఉన్నది ఇంట్లోనే కాబట్టి, చుట్టూ ఉన్న గదిని వదిలేసి దాన్నొక్కదాన్నే బాగుచేస్తే లాభం లేదు. మెట్ట ప్రాంతాల సంగతి చూస్తే ఈ మాటకు బలం చేకూరుతుంది. రాయలసీమలో, తెలంగాణలో చాలా ఇళ్ళకు పెద్ద దులుపుడు దసరాకో ఉగాదికో జరుగుతుంది. దసరా వానలు వెనకబట్టే వేళ. ఉగాది, యాసంగి జొన్న ఇంటికి చేరాక వచ్చే పండగ. పంటను బట్టి తేదీ మారింది, పని మాత్రం అదే.

ఆ పనిలో నడుం విరిచేది సున్నం. కోస్తాలో గుల్లసున్నం, సున్నపురాయి దొరికే సీమల్లో రాతిసున్నం. కాల్చిన గడ్డలను బానలో వేసి నీళ్ళు పోస్తే నిప్పు లేకుండానే తుకతుక ఉడికేది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారనిచ్చి, గుడ్డలో వడగట్టి, కాస్త నీలిమందు కలిపి పీచు కుంచెతో వేసేవారు. గోడ మీద ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిగా గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు దాని క్షారగుణానికి బూజు పట్టదు, పురుగు నిలవదు. 1896లో బొంబాయిని ప్లేగు పట్టినప్పుడు అక్కడి అధికారులు ఇళ్ళకు సున్నం కొట్టించింది దీని మీద నమ్మకంతోనే.

మురికి ఆగే వేళే దులిపే వేళ కావడం మన ఒక్కరి సంగతీ కాదు. ఇరాన్‌లో చలికాలం గడిచాక, నౌరోజ్ ముందు ఇల్లంతా దులిపి తివాచీలు ఉతుకుతారు. ఇంగ్లండులో చలికాలమంతా బొగ్గు మండించిన ఇళ్ళు వసంతంలో మసి వదిలించుకునేవి. జపాన్‌లో ఎడో కోటలో ఏటా పన్నెండో నెల 13న మసి దులిపేవారు.

దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరం రావచ్చు. లక్ష్మీదేవిని ఆహ్వానించడానికి చేసే పనిని గాదె శుభ్రతకు దించేస్తారా అని కొందరంటారు. సంక్రాంతికి ఇంటికొచ్చే లక్ష్మి ధాన్యలక్ష్మే కదా, ఇందులో దించడమేమీ లేదు. ఇక రెండోది, మన పెద్దలకు అలర్జీల సంగతి ముందే తెలుసని, అందుకే ఈ ఆచారం పెట్టారని ఈమధ్య తరచూ వినిపించే మాట. దీన్ని నేను ఒప్పుకోలేను. అలర్జీ అన్న పేరే 1906లో వియన్నా వైద్యుడు పిర్కే పెట్టాడు. ఇంటి దుమ్ములో ఆయాసం తెప్పించేది ప్రధానంగా కంటికి ఆనని నల్లి జాతి జీవి అని నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1964లో గుర్తించారు. పాత పద్ధతిలో ఊపిరితిత్తులకు చెరుపు చేసేదీ ఉంది. పొడి చీపురుతో దులిపినప్పుడు దుమ్ము ఇల్లు వదిలిపోదు, సగం దులిపేవాళ్ళ ముక్కుల్లోకి పోతుంది. దూదేకులవారు ఊరూరా తిరిగి పరుపుల్లో ఉండగట్టిన దూదిని విప్పి ఏకి ఇచ్చేవారు. పరుపు తేలికయ్యేది, ఆ దుమ్ము వాళ్ళ రొమ్ముల్లో చేరేది. అలికే చేతులూ తోమే చేతులూ ఎప్పుడూ ఆడవాళ్ళవే. ఆచారాన్ని పొగిడేవాళ్ళు ఈ లెక్క దాటేయడం అన్యాయం.

నల్లి సంగతి తెలిశాక మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. అది మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది, దానికి చెమ్మ కావాలి. వానాకాలమంతా పెరిగి, గాలి పొడిబారాక తగ్గుతుంది. అయితే చచ్చిన నల్లుల పొడీ మలమూ పరుపులోనే ఉండిపోయి ముక్కు కారిస్తాయి. కాబట్టి వానలు వెళ్ళిన వెంటనే పరుపులు ఎండేసి దులపడం మంచిదే. తెలియకుండానే ఆ వేళ కుదిరింది. ఉగాదిదీ కొంతవరకు ఇదే తీరు. సర్కారు తుమ్మ పుప్పొడి పడనివాళ్ళకు వసంతం గడ్డుకాలమే, ఆ రోజుల్లో గదులు తుడవడం వాళ్ళకు ఉపశమనం.

గాదెలు పోయాయి. ధాన్యం కళ్ళం నుంచి నేరుగా మిల్లుకు పోతోంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక, పండించే ఊళ్ళలోనూ తిండిగింజలు సంచుల్లో దుకాణం నుంచి రావడం మామూలైంది. మట్టిగోడ సిమెంటుగోడ అయింది, ఏటేటా సున్నం వేయనక్కర్లేదు. మురికి తీరు కూడా మారింది. పొట్టు, మసి పోయి పరుపులు, సోఫాలు, కర్టెన్లు, ఏసీ జల్లెళ్ళు వచ్చాయి. మనం మాత్రం పాత తేదీకి పాత పనే చేస్తున్నాం, పైకప్పు మూలలు దులిపి తృప్తిపడుతున్నాం. తేదీ పెట్టిన కారణం మారితే తేదీని మార్చుకోవడం తప్పు కాదు. నా తీర్పు అడిగితే, ఇప్పటి ఇంటికి అసలు దులుపుడు దసరా వేళ వానలు వెనకబట్టగానే జరగాలి, సంక్రాంతికి ఒకసారి తడిగుడ్డ చాలు. దుప్పట్లు, గలీబులు వేడినీళ్ళలో ఉతకండి, పరుపు ఎండకు వేయండి, ఏసీ జల్లెడ కడగండి. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా బూజుకర్ర పట్టకండి. ఆయాసమున్న మనిషిని ఆ పూట ఇంట్లో ఉంచకండి. ఈ పని ఇంట్లో అందరూ పంచుకోండి.