ఒక్క పాట నసీబు

డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరుగుతుంటే అమ్మీ రోజూ ఒకటే పోరు: "నౌకరీ ఢూండ్ బేటా!" అందుకేనేమో 'గెట్ ఎ జాబ్' పాటంటే నాకంత మొహబ్బత్.

పాడింది ఫిలడెల్ఫియా నల్లజాతి గాయకులు, సిల్హౌట్స్ బృందం. అందులోని రిక్ లూయిస్ ఫౌజు నుంచి ఇంటికొస్తే, వాళ్లమ్మ కూడా పని వెతుక్కోమని వెంటపడింది. ఆ పోరే పాటయింది. 1958 మొదట్లో అమెరికాలో మందీ కాలం. బేరోజ్‌గారీ ఇంటింటి మాట. పాట నంబర్ వన్ అయింది. దానికి జవాబుగా స్మోకీ రాబిన్సన్ బృందం మిరకిల్స్ 'గాట్ ఎ జాబ్' పాడింది. అదే వాళ్ల తొలి రికార్డు. తర్వాత వాళ్లు మోటౌన్ సితారలయ్యారు. సవాల్ వేసిన సిల్హౌట్స్‌కు మాత్రం రెండో హిట్ దక్కలేదు.

అయినా ఆ పాట వింటే నాకు ఇప్పటికీ అమ్మీ ఆవాజే వినిపిస్తుంది. ఒక్క పాటకు ఇంకేం కావాలి?