బావరికి కుదరని ధ్యానం

నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో గోదావరి రెండు పాయలుగా చీలి, మధ్యలో ఒక లంకను వదిలింది. అదే బాదనకుర్తి. జిల్లాలు విడిపోకముందు అది ఆదిలాబాద్‌లోది, అవతలి గట్టు కరీంనగర్‌ది. బుద్ధుడు బతికున్న రోజుల్లో బావరి అనే ముని ఆశ్రమం ఇక్కడే ఉండేదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. బౌద్ధుల పాలి గ్రంథం సుత్తనిపాతంలోని చివరి భాగం ఈ బావరి కథతోనే మొదలవుతుంది. అస్సక, అళక రాజ్యాల సరిహద్దులో గోదావరి ఒడ్డున అతను ఉండేవాడని మూలం చెబితే, నది చీలి ఏర్పడిన లంకలో, వెలగచెట్ల వనంలో ఉండేవాడని వ్యాఖ్యానం చెబుతుంది. అస్సకుల రాజధాని పోతన నేటి బోధనేనని చాలామంది అంటారు.

తెలంగాణకు బౌద్ధం ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ఈ కథను అందరూ తలుచుకుంటారు. బావరి శిష్యులు వెళ్లి బుద్ధుణ్ని కలిశారని చెప్పి ముగిస్తారు. అసలు వాళ్లు బయల్దేరడానికి కారణం ఒక పెద్దాయనకు ధ్యానం కుదరకపోవడమేనన్న సంగతి మీద మాత్రం ఎవరి చూపూ నిలవదు.

బావరి కోసల రాజధాని శ్రావస్తి నుంచి దక్షిణాపథానికి వచ్చిన వేదపండితుడు. వయసు 120 ఏళ్లంటుంది గ్రంథం. పరిగె ఏరుకుని, కాయో పండో తిని బతికేవాడు. దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాబడితో మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేసేశాడు. ఆశ్రమానికి తిరిగొచ్చాడో లేదో, మరో బ్రాహ్మణుడు గుమ్మంలో నిలబడ్డాడు. నడిచి నడిచి పుండ్లు పడ్డ కాళ్లు, గార పట్టిన పళ్లు, తల నిండా దుమ్ము. 500 నాణేలు ఇమ్మన్నాడు. నా దగ్గర ఏమీ మిగల్లేదన్నాడు బావరి. ఇవ్వకపోతే ఏడో నాటికి నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు వచ్చినవాడు.

బావరికి తిండి సహించలేదు. దిగులుతో చిక్కిపోయాడు. ధ్యానంలో మనసు నిలవలేదు. ఈ ముక్కను గ్రంథం ఏ దాపరికమూ లేకుండా చెబుతుంది. జీవితమంతా సాధనలో గడిపిన మనిషికే, భయం గుండెలో దిగబడ్డాక ధ్యానం పట్టు తప్పింది. అతని మేలు కోరి వచ్చిన దేవత ఇంకాస్త గట్టిగా కూర్చోమనలేదు. వచ్చినవాడు డబ్బు కోసం వేషం వేసిన మోసగాడని, తల పగలడమంటే ఏమిటో వాడికి తెలియదని చెప్పింది. తెలిసినవాడు, బుద్ధుడు, ఉత్తరాదిన ఉన్నాడంది. అలా ముందు భయానికి మందు దొరికింది.

మన జిల్లాల్లో ఈ ఘట్టాన్ని పట్టి పట్టి చదవాలి. పత్తి చేను పోయి బాకీ మిగిలిన ఆదిలాబాద్ రైతుకు, సాంచాలు ఆగి కూలి లేని సిరిసిల్ల కార్మికుడికి, గల్ఫ్‌కు పోయిన కొడుకు దగ్గర్నుంచి కబురు రాక నిద్ర పట్టని జగిత్యాల తల్లికి, కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమని చెబితే సరిపోతుందా? కళ్లు మూసుకోగానే వాళ్లకు ముందుగా కనిపించేది ఆ బాకీయే, ఆ కొడుకే. మనసు నిలవడం లేదని వాళ్లంటే, నీలో శ్రద్ధ లేదని గద్దించడం అన్యాయం.

బావరి ముసలివాడు, అంతదూరం వెళ్లలేకపోయాడు. 16 మంది శిష్యులను పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధకు నడిచి వెళ్లి బుద్ధుణ్ని కలిశారు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు దొరికింది. సంసార ప్రవాహం దాటడానికి ఏదైనా ఆధారం చెప్పమన్న ఉపశివునికి, ఏదీ లేదన్న భావననే ఆసరాగా పట్టుకోమన్నాడు. నా సందేహాలు తెంచి నన్ను విడిపించమన్న ధోతకుడికి, నేనెవరినీ విడిపించలేను, నువ్వు తెలుసుకుంటేనే దాటుతావన్నాడు. మోఘరాజు రెండుసార్లు అడిగినా బుద్ధుడు బదులివ్వలేదు, మూడోసారికి గానీ నోరు విప్పలేదు. అతని మనసు అప్పటికి పక్వానికి రాలేదని వ్యాఖ్యానం అంటుంది.

అందరికంటే పింగియుడి సంగతి నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఒంట్లో బలం లేదు, చూపు ఆనదు, చెవి సరిగా వినపడదు. బావరికి మేనల్లుడు. ఇంత మంచి మాట మా మామ వినలేకపోయాడే అన్న తలపు అతని మనసును ఊరి వైపు లాగింది. అందుకే మిగతా 15 మందీ పూర్తి విముక్తి పొంది అర్హతులైనా, అతను ఒక మెట్టు కిందే ఆగాడని వ్యాఖ్యానం చెబుతుంది. తిరిగొచ్చి గోదావరి ఒడ్డున బావరికి అంతా వివరించాడు. రాత్రీ పగలూ బుద్ధుణ్ని మనసులో చూస్తూనే ఉన్నానన్నాడు. అతనికి చివరికి దొరికిన దారి శ్రద్ధ, అంటే నమ్మకం. ఏకాగ్రత కుదరనివాడికీ ఒక దారి ఉందని ఆ గ్రంథం ఒప్పుకుంది.

  

తగని ధ్యానం చేసే హానిని కూడా పాలి గ్రంథాలు దాచలేదు. వైశాలిలో శరీరపు అశుచిని ధ్యానించమని విన్న భిక్షువుల్లో చాలామంది దేహం మీద రోతతో ప్రాణాలే తీసుకున్నారని, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం నమోదు చేసింది. బుద్ధుడు ఆ సంగతి విని, మిగిలినవారికి శ్వాస మీద ధ్యానం నేర్పాడు. బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్రుడంతటివాడు కూడా ఒక కంసాలి కుర్రాడికి ఇదే అశుచి ధ్యానం ఇస్తే ఫలించలేదు. పుట్టినప్పటి నుంచీ మెరిసే బంగారంతో మెలిగినవాడని గ్రహించి బుద్ధుడు పద్మాన్ని చూడమంటే కుదిరింది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గం 40 ధ్యాన విషయాలు చెప్పి, మనుషుల స్వభావాలను ఆరు రకాలుగా విడదీసి, ఎవరికి ఏది తగునో వివరించింది.

ఇప్పటి పరిశోధనలూ దాదాపు ఇదే చెబుతున్నాయి. 83 అధ్యయనాలను కలిపి చూసి 2020లో వెలువడిన ఒక సమీక్షలో, ధ్యానం చేసినవారిలో సుమారు 8 శాతం మందికి ఆందోళన, దిగులు వంటి ఇబ్బందులు కలిగినట్టు తేలింది. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా బడి పిల్లల మీద చేసి 2022లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో, ధ్యాన పాఠాలు మామూలు తరగతుల కంటే మేలైన ఫలితం ఇవ్వలేదు. అలాగని ధ్యానం వట్టిదని నేననను, లక్షల మందికి అది మేలు చేస్తోంది. బడిలోనైనా ఆఫీసులోనైనా వందమందిని వరసగా కూర్చోబెట్టి అందరికీ ఒకే పాఠం చెప్పడాన్నే తప్పుపడుతున్నాను. ఎదుటివాడి వయసు, దుఃఖం, జబ్బు, నిద్ర గురించి అడగకుండా ధ్యానం నేర్పేవాడు గురువు కాడు.

ధ్యానానికి కూర్చున్నప్పుడల్లా గుండె దడ, భయం, పాత గాయాలు పైకి వస్తుంటే ఆపేయండి. నడవండి, పొలం పనిలో పడండి, భజనకు వెళ్లండి, మనసు విప్పి చెప్పుకోగలిగిన మనిషి దగ్గర కూర్చోండి. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. ఇంట్లో ఎవరైనా ధ్యానం కుదరడం లేదంటే, వాళ్లను తిట్టకండి. ఏం జరిగిందో అడగండి.