నడుమ పెట్టుకున్న చిన్న ప్లేట్లు, ఓడ దిగి పారిపోయిన వంటవాళ్లు

పోయిన ఎపిసోడ్ విని దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, అమెరికాలో మన దిక్కు తిండి హోటళ్లు మొదలు పెట్టింది ఎవరు? డాక్టర్లా, సాఫ్ట్‌వేరోళ్లా?" అని. రికార్డింగ్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేశాం. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా. నేను చరిత్ర చదువుకున్నోణ్ణి కాదు, ఐటీఐ ఫిట్టర్‌ని. గల్ఫ్‌లో చేసి ఇటు వచ్చి, ఇప్పుడు న్యూయార్క్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. చదివి తెలుసుకున్నది, అడిగి తెలుసుకున్నది రాస్తున్నా, అంతే.

శుక్రవారం జీతం పడుతుంది. ఆ సాయంత్రం మేం నలుగురం క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు పోతాం. నాది జగిత్యాల దగ్గర. ఒకాయనది తూర్పు గోదావరి, ఒకాయనది మెక్సికోలో ప్యూబ్లా, ఇంకొకాయనది బంగ్లాదేశ్‌లో సిల్హెట్. ఆయన్ని మేం భాయ్ అంటాం. ఆయన చూపించిన చిన్న బంగ్లా హోటలే మా అడ్డా. అక్కడ భర్తాలు దొరుకుతాయి. ఆలుగడ్డ, వంకాయ, టమాటా, ఎండుచేప, ఏదైనా సరే ఆవనూనె, ఉల్లిగడ్డ, మిరపకాయలు వేసి చేత్తో మెదిపి పెడతారు. మన రోటి పచ్చడికి దగ్గరి చుట్టం. ఒక్కోటి అరచేతి అంత ప్లేట్‌లో వస్తుంది. ఏడెనిమిది ప్లేట్లు నడుమ పెట్టుకుని తలా ఇంత అన్నంలో కలుపుకుంటాం. ఊళ్లో కల్లు కాంపౌండ్‌లో గుడాలు, బోటి నడుమ పెట్టుకుని కూర్చున్నట్టే, కల్లు ఒక్కటే తక్కువ.

ఒకరోజు భాయ్ అన్నాడు: "ఈ ఊళ్లో ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్న చోట వంటింట్లోకి తొంగి చూడు. చాలావాటిల్లో మావాళ్లే ఉంటారు." కోతలు కోస్తున్నాడనుకున్నా. తర్వాత వివేక్ బాల్డ్ అనే ఆయన రాసిన ‘బెంగాలీ హార్లెమ్’ పుస్తకం సంగతి తెలిసింది. 2013లో వచ్చింది. అది చూశాక భాయ్‌కి సారీ చెప్పా.

కథ ఓడల్లో మొదలవుతుంది. వందేళ్ల కింద బ్రిటిష్ ఆవిరి ఓడల్లో బొగ్గు మోసి కొలిమిలోకి ఎగదోసే పనికి మన దేశపు కూలీలను పెట్టేవారు. లస్కర్లు అనేవారు. వాళ్లలో సిల్హెట్, నోవాఖాలి లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఓడ అడుగున, గాలి ఆడని చోట, కొలిమి ముందు పని. నేను జులై ఎండలో స్లాబ్ పోయించినోణ్ణి, అయినా ఆ వేడి ఊహకు అందదు. జీతం తెల్ల నావికుడి జీతంలో చిన్న వంతు. అందుకే ఓడ న్యూయార్క్, బాల్టిమోర్, బోస్టన్ లాంటి రేవుల్లో ఆగినప్పుడు కొందరు దిగి, మళ్లీ ఎక్కేవారు కాదు.

దిగాక మాత్రం చట్టం ఎదురు. 1917 చట్టంతో ఆసియాలో చాలా భాగం నుంచి కూలీలు రావడం మూసేశారు. చదువుకునేవాళ్లకు సందు ఉండేది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో బోస్టన్ వచ్చింది చదువుకోసమే, అయినా పూట గడవడానికి ఆసుపత్రిలో పోర్టర్ పని చేశారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారు కాబట్టి పౌరసత్వం రాదని తేల్చింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేసినవాడే. ఇక కాగితం ముక్క లేని ఓడ కూలీ మాట ఎవడు వింటాడు?

వాళ్లకు చోటిచ్చింది హార్లెమ్‌లోని నల్లవాళ్లు, ప్యూర్టోరికో వాళ్లు. అక్కడే అద్దెకున్నారు, అక్కడి ఆడపిల్లలనే పెళ్లి చేసుకున్నారు. హోటళ్లలో గిన్నెలు తోమారు, వంట నేర్చారు. నోవాఖాలికి చెందిన హబీబ్ ఉల్లా 1920ల్లో బోస్టన్‌లో ఓడ దిగిపోయినవాడు. ప్యూర్టోరికో నుంచి వచ్చిన విక్టోరియాను పెళ్లాడి, 1940ల చివర్లో మాన్‌హాటన్‌లో నాటకశాలలు ఉండే దిక్కున ‘బెంగాల్ గార్డెన్’ అని హోటల్ పెట్టాడు. అది ఎక్కువ కాలం నడవలేదు. ఆయన కొడుకు అలావుద్దీన్ ఉల్లా తర్వాత రంగస్థలం మీదికి వచ్చి, తండ్రి కథ వెతికే పనిలో బాల్డ్‌తో కలిశాడు. ఇంట్లో మనిషి కథను కూడా అట్లా వెతుక్కోవాల్సి వచ్చింది చూడండి.

చిన్న ప్లేట్ల మాటకొస్తే న్యూయార్క్‌లో ముందు గుర్తొచ్చేది చైనావాళ్ల డిమ్ సమ్. వెదురు బుట్టల్లో మూడు నాలుగు ముక్కలు, టీ తాగుతూ అందరూ పంచుకుని తినేది. చైనాటౌన్‌లోని నామ్ వా టీ పార్లర్ 1920 నుంచి ఉంది. దాని వెనక కూడా చట్టమే! చైనా కూలీలు రావద్దని 1882లోనే చట్టం చేశారు, వ్యాపారులకు మాత్రం మినహాయింపు. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులు కూడా వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. దాంతో చుట్టాలు, ఊరోళ్లు డబ్బులు కలిపి హోటల్ పెట్టి, ఏడాదికో ఏడాదిన్నరకో ఒకరు చొప్పున మేనేజర్‌గా కూర్చుని వంతులవారీగా కాగితాలు సంపాదించేవారు. మన చిట్టీ పాట లాంటిదే, పాడుకునేది వీసా. వాళ్ల తెలివికి నేను దండం పెడతా.

దేశం ఆ చివర కాలిఫోర్నియాలోనూ ఇట్లాంటిదే. పొలాల్లో పనిచేసిన పంజాబీలు ఊరి నుంచి భార్యలను తెచ్చుకోలేక మెక్సికో ఆడవాళ్లను పెళ్లాడారు. అట్లాంటి ఒక కుటుంబం 1954లో యూబా సిటీలో ‘ఎల్ రాంచెరో’ హోటల్ తెరిచింది. అక్కడ టోర్టిల్లా బదులు రొట్టెలో చీజ్ పెట్టి క్వెసడియా చేసేవారు. ఇది చెప్పగానే మా ప్యూబ్లా ఆయన వెంటనే పరోటా, చీజ్ తెప్పించమన్నాడు. హోటలాయన మెనూలో లేదన్నాడు గానీ చేసి పెట్టాడు.

1946లో చట్టం మారి పౌరసత్వం తలుపు తెరుచుకుంది, కోటా మాత్రం ఏడాదికి 100 మంది. 1965 చట్టం తర్వాతే డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. మన సభల్లో కథ అక్కడి నుంచే మొదలుపెడతారు, నాకది నచ్చదు. అంతకు ముందే వంటింట్లో చెమటోడ్చినోళ్లు ఉన్నారు.

మా భాయ్ కాగితాల కేసు ఏళ్లుగా నడుస్తోంది. మొన్న చలికాలంలో వాళ్లమ్మ పోయింది. వెళ్తే తిరిగి రానివ్వరని భయం. జనాజా ఫోన్‌లో చూశాడు. ఆ శుక్రవారం రాడనుకున్నాం, వచ్చాడు. ఎప్పటి టేబులే, ఎప్పటి ప్లేట్లే. ఎండుచేప భర్తా ప్లేట్ తన దగ్గరికి లాక్కుని, మా అందరి అన్నంలో తనే తలా ఇంత వేశాడు. ఆ రోజు హోటలాయన బిల్లు తీసుకోలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కోరంగి రేవు నుంచి రంగూన్ పోయిన మనోళ్ల సంగతి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో తాతలెవరన్నా బర్మా పోయి ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి.